నిక్స్ ఓటమి, ఆ తర్వాత ఫైనల్స్: మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

2025 మే, జూన్ నెలల్లో మా ఇంటికి వచ్చినవాళ్లు, తెనాలి నుంచి ఫోన్ చేసినవాళ్లు, ఆఫీసు లిఫ్టులో కలిసినవాళ్లు అడిగిన ప్రశ్నలివి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది. అందుకని ఒకచోట రాసి పెట్టేస్తున్నా. మేం ఉండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. కొన్ని జవాబుల్లో పక్షపాతం కనిపిస్తుంది, దాచే ప్రయత్నం చేయలేదు.

అసలు ఏ టీమ్ గురించి ఇంత గొడవ?

న్యూయార్క్ నిక్స్. ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ జట్టు. సొంత మైదానం మన్‌హట్టన్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్, దాని కిందే పెన్ స్టేషన్. ఎడిసన్‌లో రైలెక్కితే నేరుగా గార్డెన్ కిందే దిగుతాం. న్యూజెర్సీలో ఉంటూ న్యూయార్క్ టీమ్ ఏంటని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే. న్యూజెర్సీకి ఒకప్పుడు సొంత జట్టుండేది. 2012లో అది బ్రూక్లిన్‌కి వెళ్లిపోయింది.

2025 నాటికి నిక్స్ చివరిసారి కప్పు కొట్టింది 1973లో. ఫైనల్స్ దాకా చివరిసారి వెళ్లింది 1999లో, అదీ ఓడిపోయింది. 2025లో తూర్పు విభాగం ఫైనల్ దాకా వచ్చింది, అంటే మన లెక్కలో సెమీఫైనల్. 2000 తర్వాత అక్కడిదాకా రావడం అదే మొదటిసారి. ఇరవై ఐదేళ్లంటే మా బావమరిది వయసుకన్నా ఎక్కువ.

ఎవరి చేతిలో ఓడారు?

ఇండియానా పేసర్స్ చేతిలో, 4-2తో. ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ తర్వాత కప్పు కోసం జరిగే రౌండ్లలో, ఏడు గేముల్లో ముందు నాలుగు గెలిచినవాళ్లు ముందుకెళ్తారు. ఒక్క మ్యాచ్‌తో తేలే వరల్డ్ కప్ నాకౌట్ లాంటిది కాదిది. అందుకే ఓడినప్పుడు "ఆ ఒక్కరోజు బాలేదు" అని చెప్పుకునే వీలుండదు. 2024లో కూడా ఇదే పేసర్స్ మమ్మల్ని రెండో రౌండ్‌లో ఏడో గేమ్‌లో, అదీ మా గార్డెన్‌లోనే ఓడించారు.

మొదటి గేమ్‌లో ఏం జరిగింది? అందరూ దాని గురించే మాట్లాడతారేంటి?

మే 21, బుధవారం రాత్రి. మా హాల్లో ఏడుగురం. మా ఆవిడ పులిహోర కలిపింది, నిమ్మకాయది. నాలుగో క్వార్టర్‌లో మా స్టార్ బ్రన్సన్ బెంచ్ మీద కూర్చుని ఉండగా కూడా మావాళ్లు వరసగా 14 పాయింట్లు కొట్టారు. ఇంకా 2 నిమిషాల 51 సెకన్లు ఉన్నాయనగా స్కోరు 119-105. మావాళ్లది 14 పాయింట్ల ఆధిక్యం. మా బావమరిది లేచి నిలబడి "బావా, ఇక ప్లేటు తీసుకో, అయిపోయింది" అన్నాడు. నేను తీసుకున్నాను. ఆ ప్లేటు తీసుకోకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అంటుంటారు.

ఎన్‌బీఏలో బంతి బంతికీ లెక్క రాసిపెట్టడం మొదలైంది 1997 ప్రాంతంలో. అప్పట్నుంచి ప్లేఆఫ్స్‌లో ఆ సమయానికి అంత ఆధిక్యంలో ఉన్న జట్టేదీ ఓడిపోలేదు. ఆ రాత్రి దాకా.

పేసర్స్‌లో ఆరన్ నీస్మిత్ అనే అతను దూరం నుంచి మూడు పాయింట్ల షాట్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో క్వార్టర్ ఒక్కదాంట్లోనే ఆరు. మ్యాచ్ మొత్తం మీద తొమ్మిది త్రీలు వేస్తే ఎనిమిది పడ్డాయి. ఇటు మావాళ్లేమో చివరి పదిహేను సెకన్లలో ఫ్రీ త్రోలు వదిలేశారు. టౌన్స్ రెండింట్లో ఒకటి, అనునోబీ రెండింట్లో ఒకటి. ఎవరూ అడ్డురాకుండా, పదిహేను అడుగుల దూరం నుంచి, నింపాదిగా నిలబడి వేసేవి అవి. ఆ రెండూ పడుంటే ఈ పేజీయే ఉండేది కాదు.

స్కోరు 125-123. పేసర్స్ స్టార్ హాలిబర్టన్ బంతి తీసుకుని లోపలికి వెళ్లాడు, దారి లేక వెనక్కి వచ్చాడు, మూడు పాయింట్ల గీత దగ్గర నుంచి వేశాడు. బంతి రింగు వెనక అంచుకి కొట్టుకుని నిటారుగా పైకి లేచింది. బోర్డు పై అంచు దాకా వెళ్లిందా అనిపించింది. మా హాల్లో అందరూ పోయిందనుకుని చేతులెత్తేశారు. అది నేరుగా కిందకొచ్చి వలలో పడింది. ప్లేట్లో పులిహోర అలాగే ఉంది.

అప్పుడే ఓడిపోయారా?

లేదు, అదే విచిత్రం. హాలిబర్టన్ అది మూడు పాయింట్ల షాట్ అనుకున్నాడు, గెలిచేశామనుకుని గొంతు మీద చెయ్యి పెట్టుకుని పక్కకి పరిగెత్తాడు. రీప్లేలో చూస్తే షూ కొన గీత మీద ఉంది. కాబట్టి రెండే పాయింట్లు. 125-125. ఓవర్‌టైమ్.

2019 వరల్డ్ కప్ సెమీస్‌లో ధోనీ రనౌట్ గురించి మనం ఇప్పటికీ మాట్లాడుకుంటాం కదా, బ్యాటు ఇంకో రెండంగుళాలు ముందుంటేనా అని. ఇక్కడ ఆ అంగుళాలు మా వైపే వచ్చాయి. దేవుడు పిలిచి ఇంకో ఐదు నిమిషాలు ఇచ్చాడు. అదీ పోగొట్టుకున్నాం. ఫైనల్ స్కోరు 138-135. ఓవర్‌టైమ్ చివర్లో దాదాపు మ్యాచ్ తేల్చేసిన డంక్ కొట్టింది ఎవరనుకున్నారు? ఓబీ టాపిన్. 2020 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రాళ్లని వరసగా ఎంచుకునే చోట) నిక్స్ తీసుకుని, 2023లో పేసర్స్‌కి ఇచ్చేసిన కుర్రాడే. బ్రన్సన్ 43, టౌన్స్ 35 పాయింట్లు కొట్టి కూడా ఓడిన మ్యాచ్ అది.

మరుసటి రోజు మా నాన్నగారు ఫోన్ చేసి "ఏరా, రెండు నిమిషాల్లో పద్నాలుగు పాయింట్లు ఎలా పోతాయి?" అని అడిగారు. ఆయన తెల్లవారుజామున 5:30కి లేచి కాఫీతో చూస్తారు. ఇక్కడ రాత్రి ఎనిమిదంటే అక్కడ ఆ టైమే. పాల ప్యాకెట్లు వచ్చేలోపు మొదటి సగం అయిపోతుందట.

ఆ గొంతు పట్టుకోవడం ఏంటి?

1994లో పేసర్స్ ఆటగాడు రెజీ మిల్లర్ చేసిన పని. అప్పుడూ ఇండియానాయే, అప్పుడూ గార్డెనే. ఆ ఏడాది తూర్పు ఫైనల్ ఐదో గేమ్‌లో మిల్లర్ నాలుగో క్వార్టర్‌లోనే 25 పాయింట్లు కొట్టాడు. ముందు వరసలో కూర్చున్న సినిమా దర్శకుడు స్పైక్ లీ వైపు చూసి గొంతు మీద చేతులు పెట్టుకుని చూపించాడు. చేతికొచ్చిన మ్యాచ్‌ని టెన్షన్‌తో జారవిడుచుకున్నారని దాని అర్థం. క్రికెట్‌లో దక్షిణాఫ్రికాని ఏళ్ల తరబడి ఏమని ఏడిపించామో, అదే. వాళ్లేమో 2025 జూన్ 14న లార్డ్స్‌లో ఆస్ట్రేలియాని ఓడించి ఆ మాట తుడిచేసుకున్నారు. మాకు అప్పటికి ఆ భాగ్యం కలగలేదు.

1995లో అదే మిల్లర్ అదే గార్డెన్‌లో తొమ్మిది సెకన్ల లోపు 8 పాయింట్లు కొట్టి ఇంకో మ్యాచ్ లాక్కున్నాడు. మే 21 రాత్రి కోర్టు పక్కన టీవీ కామెంటరీ చెబుతున్నదీ ఆయనే. ఇంతకన్నా చెప్పేదేం లేదు.

బంతి అలా ఎగిరి పడటం అదృష్టమే కదా?

మొదట్లో నేనూ అదే అన్నాను, రెండు వారాలపాటు. ఆ తర్వాత మానేశాను. లెక్క చూడండి. మొదటి రౌండ్‌లో మిల్వాకీ బక్స్ మీద ఐదో గేమ్‌లో చివరి రెండు సెకన్లలో గెలుపు షాట్. రెండో రౌండ్‌లో క్లీవ్‌లాండ్ మీద రెండో గేమ్‌లోనూ అంతే. మా మీద, ఇది. ఫైనల్స్ మొదటి గేమ్‌లో ఓక్లహోమా మీద 0.3 సెకన్లుండగా. నాలుగు రౌండ్లలో నాలుగు. ఒక్కసారి జరిగితే గాలివాటం అనుకోవచ్చు, నాలుగుసార్లు జరిగితే అతనికి అది చేతనవునని ఒప్పుకోవాలి. ఆ ఏప్రిల్‌లోనే తోటి ఆటగాళ్ల సర్వేలో ఎక్కువమంది "ఇతనికి లేనిపోని పేరొచ్చింది" అని ఓటేసింది ఈ హాలిబర్టన్‌కే. పేర్లు బయటపెట్టని సర్వే అది, ఓటేసినవాళ్లు బతికిపోయారు.

పేసర్స్‌కి ముందు, రెండో రౌండ్‌లో బోస్టన్‌ని ఓడించింది టేటమ్‌కి దెబ్బ తగలడం వల్లే అంటున్నారు?

మా ఆఫీసులో ఒకాయన రోజూ అంటాడు. బోస్టన్ స్టార్ జేసన్ టేటమ్ కాలి మడమ నరం తెగింది నాలుగో గేమ్ చివర్లో. అప్పటికే సిరీస్‌లో మేం 2-1తో ముందున్నాం, ఆ మ్యాచ్‌లోనూ ముందున్నాం. అంతకుముందు బోస్టన్‌లోనే మొదటి రెండు గేముల్లో 20 పాయింట్లు వెనకబడి కూడా రెండూ గెలిచాం. దెబ్బ తగలకపోతే సిరీస్ ఇంకా కష్టమయ్యేది, ఒప్పుకుంటాను. గెలిచేవాళ్లం కాదని మాత్రం ఒప్పుకోను.

మరి నిజంగా ఎందుకు ఓడారు?

అలసట, మొండితనం. నా లెక్కలో ఈ రెండే, మిగతావన్నీ వీటి పిల్లలు.

బ్రన్సన్, హార్ట్, బ్రిడ్జెస్, అనునోబీ, టౌన్స్. ఈ ఐదుగుర్నీ కోచ్ థిబొడో సీజన్ మొత్తం ఎడ్లలా తిప్పాడు. మ్యాచ్‌కి సగటున ఎక్కువ నిమిషాలు ఆడినవాళ్ల జాబితాలో లీగ్ మొత్తానికి మొదటి పేరు జాష్ హార్ట్‌ది. అటు పేసర్స్ పదిమందిని మార్చి మార్చి దింపుతారు, మొదటి నిమిషం నుంచి పరుగే. ఎదుటి జట్టు బాస్కెట్ వేసినా సరే, ఆ బంతి నేల తాకేలోపు మళ్లీ ఇటు చివర ఉంటారు. మొదటి రెండు గేముల్లో మా ఐదుగురూ కలిసి కోర్టులో ఉన్న సమయంలో పేసర్సే ముందున్నారు. రెండో గేమ్‌లో పేసర్స్ సియాకమ్ 39 కొట్టాడు, 114-109. సొంత గడ్డ మీద రెండూ పోయాయి.

మూడో గేమ్‌కి కోచ్ దిగొచ్చాడు. హార్ట్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టి మిచెల్ రాబిన్‌సన్‌తో మొదలుపెట్టాడు, ఎప్పుడూ పట్టించుకోని షామెట్, డెలాన్ రైట్‌లనూ దింపాడు. 20 పాయింట్లు వెనకబడిన మ్యాచ్‌ని 106-100తో గెలిచాం. నాలుగో క్వార్టర్‌లో టౌన్స్ ఒక్కడే 20. బెంచ్ మీద మనుషులున్నారని తెలియడానికి సీజన్ అంతా, పైన రెండు ఓటములు కావాల్సి వచ్చాయి. వంటగదిలో పప్పు డబ్బా ఎక్కడుందో పెళ్లయిన పదేళ్లకి కనుక్కున్న మొగుడి సంగతి అది. మా ఆవిడ మాట, నాది కాదు.

నాలుగో గేమ్‌లో హాలిబర్టన్ 32 పాయింట్లు, 15 అసిస్టులు (బాస్కెట్‌కి దారితీసిన పాస్‌లు), 12 రీబౌండ్లు (గురి తప్పిన బంతులు అందుకోవడం), ఒక్క టర్నోవర్ కూడా లేదు, అంటే బంతి ఒక్కసారీ పోగొట్టుకోలేదు. ప్లేఆఫ్స్ చరిత్రలో అలాంటి లెక్క అంతకుముందు ఎవరికీ లేదు. మొదటి రౌండ్‌లో బక్స్ స్టార్ యానిస్‌తో గొడవపడ్డాడని మ్యాచ్‌లకి రానివ్వని వాళ్ల నాన్న ఆ రోజే మళ్లీ స్టేడియంలోకి వచ్చాడు. ఐదోది గార్డెన్‌లో మాదే, 111-94. ఆరోది ఇండియానాపొలిస్‌లో 125-108, అయిపోయింది.

బ్రిడ్జెస్ కోసం ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లు (డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో కుర్రాళ్లని ఎంచుకునే హక్కులు) ఇచ్చారు కదా, దండగేనా?

ధర ఎక్కువే. కానీ బోస్టన్ మీద మొదటి రెండు గేముల్లోనూ చివరి క్షణాల్లో బంతి లాక్కున్నది అతనే. ఎకరం అమ్మి కొన్న గేదె పాలిస్తోంది, అంతవరకు సంతోషం. అన్నట్టు బ్రన్సన్ 2024లో ఒక ఏడాది ఆగితే వచ్చే డబ్బుకన్నా దాదాపు 11 కోట్ల 30 లక్షల డాలర్లు తక్కువకే సంతకం పెట్టాడు, టీమ్‌కి ఖర్చు పెట్టుకునే వీలుండాలని. అతన్ని మా ఇంట్లో ఎవరూ ఏమీ అనరు.

కోచ్‌ని తీసేయడం న్యాయమేనా?

ఆరో గేమ్ మే 31న. జూన్ 3న థిబొడోని తీసేశారు. పైన ఆయన్ని తిట్టిందీ నేనే, ఇప్పుడు వెనకేసుకొచ్చేదీ నేనే. 2020లో ఆయన వచ్చేనాటికి నిక్స్ ఏడేళ్లుగా ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. ఐదు సీజన్లలో నాలుగుసార్లు తీసుకెళ్లాడు, చివరి రెండేళ్లూ 50, 51 విజయాలు. ఇరవై ఐదేళ్లలో జట్టుని అంత దూరం తీసుకెళ్లినవాడిని మూడు రోజుల్లో పంపేశారు. జులైలో మైక్ బ్రౌన్‌ని తెచ్చారు. సరైన నిర్ణయమే కావచ్చు, చేసిన తీరు మాత్రం నాకు నచ్చలేదు.

ఇంకో సంగతి. అదే జూన్ 3న అహ్మదాబాద్‌లో పంజాబ్‌ని ఆరు పరుగులతో ఓడించి ఆర్సీబీ పద్దెనిమిదేళ్లకి కప్పు కొట్టింది. మా బావమరిది ఆర్సీబీ భక్తుడు. మధ్యాహ్నం ఒకవైపు ఆనందబాష్పాలు, ఇంకోవైపు థిబొడో వార్త. "బావా, పద్దెనిమిదేళ్లకి నాకొచ్చింది, యాభై రెండేళ్లయినా నీకు రాలేదు" అన్నాడు. వాడికి ఆ రోజు టీ నేనే పెట్టాను, చక్కెర వెయ్యలేదు.

మన టీమ్ లేనప్పుడు ఫైనల్స్ ఎందుకు చూశారు? ఎవరికి సపోర్ట్?

ఇంట్లో చీలిక వచ్చింది. మా ఆవిడది పేసర్స్ పార్టీ. "మనల్ని ఓడించినవాళ్లు గెలిస్తే మనం ఛాంపియన్ల చేతిలో ఓడామని చెప్పుకోవచ్చు" అంది. పరువు లెక్క అది. బావమరిది ఓక్లహోమా సిటీ థండర్. కారణం, ఐజయా హార్టెన్‌స్టైన్. 2024 దాకా మా నిక్స్‌లో ఆడి, డబ్బు ఎక్కువ వస్తోందని అటు వెళ్లిన మనిషి. వెళ్లిపోయినవాడి మీద కోపం ఉండాలి కదా అంటే, "పుట్టింటి పిల్ల ఎక్కడున్నా బాగుండాలి" అన్నాడు.

నేను మొదటి గేమ్ దాకా ఎవరివైపూ లేను. జూన్ 5న ఓక్లహోమాలో పేసర్స్ నాలుగో క్వార్టర్‌లో 15 పాయింట్లు వెనకబడ్డారు. సీజన్‌లో 68 గెలిచి 14 మాత్రమే ఓడిన జట్టు మీద, వాళ్ల సొంత కోర్టులో. మ్యాచ్ మొత్తంలో ఒక్కసారి కూడా ఆధిక్యంలోకి రాలేదు, చివరి 0.3 సెకన్ల ముందు దాకా. అప్పుడు హాలిబర్టన్ వేశాడు. 111-110. ఓక్లహోమా ప్రేక్షకుల మొహాలు టీవీలో చూపించారు. మే 21 రాత్రి మా హాల్లో ఏడుగురి మొహాలూ సరిగ్గా అలాగే ఉన్నాయి. నాకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. మాది శాపం కాదు, మా చేతగానితనమూ పూర్తిగా కాదు. 68 గెలిచినవాళ్లకీ ఇదే గతి. ఆ రోజు నుంచి పేసర్స్ గెలిచిన ప్రతిసారీ నా ఓటమి కొంచెం చిన్నదవుతున్నట్టు అనిపించేది.

మరి ఎవరు గెలిచారు?

థండర్, ఏడో గేమ్‌లో. నాలుగో గేమ్ దగ్గర తిరిగింది సిరీస్. అక్కడ పేసర్స్ గెలిచుంటే 3-1 అయ్యేది. చివరి ఐదు నిమిషాల్లో షే గిల్జస్ అలెగ్జాండర్ 15 పాయింట్లు కొట్టి 111-104తో లాగేశాడు. ఐదోదాంట్లో జేలెన్ విలియమ్స్ 40. ఆరో గేమ్ పేసర్స్ 108-91తో ఊదేశారు.

ఏడో గేమ్ జూన్ 22న. హాలిబర్టన్‌కి అప్పటికే కుడి పిక్క నొప్పి. అయినా మొదటి ఏడు నిమిషాల్లో మూడు త్రీలు పడ్డాయి. తర్వాత ఎవరూ తగలకుండానే ముందుకి కదలబోయి బోర్లా పడ్డాడు. అరచేత్తో నేలని కొట్టాడు, మళ్లీ కొట్టాడు. మడమ నరం తెగింది. నెలరోజులపాటు నేను తిట్టని రోజు లేదు అతన్ని. ఆ రాత్రి టీవీ సౌండ్ తగ్గించాను. అతను లేకుండానే సగం ఆటకి పేసర్స్ 48-47తో ముందున్నారు, అది మాత్రం ఎవరూ మర్చిపోకూడదు. మూడో క్వార్టర్‌లో థండర్ విరుచుకుపడ్డారు. 103-91. షేకి ఫైనల్స్ ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడి బహుమతి. ఓక్లహోమాకి వచ్చాక ఆ జట్టుకి ఇదే మొదటి కప్పు. అంతకుముందు సియాటిల్‌లో ఉన్నప్పుడు 1979లో ఒకటి కొట్టారు.

ఆ జీరో నంబర్ గోలేంటి?

ఆ ప్లేఆఫ్స్‌లో మడమ నరం తెగిన స్టార్లు ముగ్గురు. బక్స్ లిలార్డ్, బోస్టన్ టేటమ్, పేసర్స్ హాలిబర్టన్. ముగ్గురి జెర్సీ మీదా నంబరు సున్నాయే. మా అత్తగారికి ఈ విషయం చెబితే "సున్నా వేసుకోవడమేంటి అల్లుడుగారూ, ఎవరైనా పక్కన ఒకటి రాసుకోమని చెప్పలేదా" అన్నారు.

మీకూ సెంటిమెంట్లు ఉన్నాయట?

ఒక్కటే. మే 16న ఇక్కడ లోకల్ రైళ్ల డ్రైవర్లు సమ్మెకి దిగారు. ఆ రాత్రే మావాళ్లు బోస్టన్‌ని 119-81తో చితక్కొట్టారు. సమ్మె ముగిసి మే 20న రైళ్లు మళ్లీ నడిచాయి. మే 21 సంగతి పైన చదివారు. రైళ్లు ఆగితే మేం గెలుస్తామని నేను అనడం లేదు. రోజూ రైల్లోనే వెళ్లేవాణ్ణి, అలా కోరుకోనూ లేను.

ఆ బ్రన్సన్ జెర్సీ ఇంకా ఉతకలేదా?

గెలుస్తున్నన్నాళ్లూ ఉతకనివ్వలేదు, నిజమే. బోస్టన్ సిరీస్ అయ్యేసరికి దాన్ని బాల్కనీలో ఆరేయాలని షరతు పెట్టారు. ఆరో గేమ్ మర్నాడు పొద్దున లేచి చూస్తే వాషింగ్ మెషీన్‌లో తిరుగుతోంది, మా అబ్బాయి స్కూలు సాక్సులతో కలిపి. నారింజ రంగు కొంచెం దిగింది. సాక్సులు ఇంకా అదే రంగులో ఉన్నాయి.